పెద్దమ్మకి తెలుగులో చెప్పాలి

పదో తరగతి దాకా తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. ఇక బీటెక్ సీఎస్ఈలో తెలుగు అంటే హాస్టల్ మెస్‌లో మాట్లాడుకునేదే. అలాంటప్పుడు లిటరరీ క్లబ్ మ్యాగజైన్‌లో రాసే అర్హత ఏముంది అని అడిగితే, ఒక్కటే ఉంది. ఏడాదిన్నరగా మా ఇంట్లో నేను ట్రాన్స్‌లేటర్‌ని.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేవాడు. ఉద్యోగం వదిలేసి హనుమకొండ వచ్చేశాడు. వచ్చాక తెలిసింది, రెండేళ్ళుగా కొకైన్ వాడుతున్నాడని. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే కొన్ని వారాల తర్వాత ఫైల్‌లో రెండు జబ్బులు రాశారు. ఒకటి కొకైన్ యూజ్ డిజార్డర్. రెండోది బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. డాక్టర్ తెలుగాయనే, ఓపిగ్గా తెలుగులోనే మాట్లాడతాడు. కానీ ముఖ్యమైన మాట వచ్చేసరికి నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది. పక్కన కూర్చున్న పెద్దమ్మ నా వైపు చూస్తుంది. "ఏమంటుండు బిడ్డా?"

అన్నని అడిగి, ఈ డ్రాఫ్ట్ చదివించి, ఆయన సరేనన్నాకే పంపుతున్నా. కొన్ని వివరాలు మార్చాను. చికిత్స గురించిన సంగతులు మాత్రం మార్చలేదు.

సినిమావాళ్ళ జబ్బా?

పెద్దమ్మకి మొదట అర్థం కానిది కొకైన్ అనే మాట కాదు. అది మనింటికి ఎలా వచ్చిందన్నది. ఆమెకి తెలిసిన కొకైన్ 2017 జులైలో టీవీలో చూసింది. అప్పుడు ఎక్సైజ్ శాఖ సిట్ పదిమందికి పైగా సినిమావాళ్ళని పిలిచి ప్రశ్నించింది. రోజూ ఎవరు ఏ కారులో దిగారు, ఎన్ని గంటలు లోపల ఉన్నారు అని ఛానళ్ళు చూపించాయి. అన్ని రోజుల వార్తల్లో "మరి వీళ్ళకి వైద్యం ఏమిటి" అని ఎవరైనా చెప్పినట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

లెక్క ప్రకారం కొకైన్ మన దగ్గర నిజంగానే తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్ళు 2.8 శాతం, కొకైన్ వాడేవాళ్ళు 0.10 శాతం. వెయ్యిలో ఒక్కరు. కానీ ఆ ఒక్కరు మన ఇంట్లో ఉంటే ఆ పర్సంటేజ్ ఎందుకు పనికొస్తుంది?

మత్తు మానితే ఒంటికి ఏమవుతుందో పెద్దమ్మకి తెలియక కాదు. తెలంగాణలో ఎవరికి తెలియదు? 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్లు అలవాటున్నవాళ్ళు ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆస్పత్రులకి చేరారు. కల్లులో కలిపిన ఆల్ప్రాజోలం, డయాజెపాం లాంటివి ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూస్తే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం క్యూ కట్టారు. పెద్దమ్మ ఊహించుకున్నది కూడా అదే. కొడుకు వణుకుతాడు, పడిపోతాడు, రెండు వారాలు సెలైన్ ఎక్కిస్తే తేరుకుంటాడు అని.

అన్న వణకలేదు. నిద్రపోయాడు. రోజుకి పధ్నాలుగు గంటలు పడుకుని, లేచి కుండెడు అన్నం తిని మళ్ళీ పడుకునేవాడు. "బాగనే ఉన్నడు కదా, ఒళ్ళు కూడా జేసిండు" అంది పెద్దమ్మ. కొకైన్ మానినప్పుడు జరిగేది ఇదే అన్నాడు డాక్టర్. ఒంటికి పైకి కనబడే గండం తక్కువ. లోపల మాత్రం దేని మీదా ఆసక్తి ఉండదు, దిగులు, చనిపోవాలన్న ఆలోచన కూడా రావచ్చు. బయటికి బాగున్నట్టు కనబడే ఆ రోజుల్లోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. ఈ ఒక్క విషయం ఆ రోజే పెద్దమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగాం. అది చాలా పనికొచ్చింది.

మందు లేని జబ్బు

"ఇంతకీ గోలీలు ఏం రాసిండు?" ఇది పెద్దమ్మ రెండో ప్రశ్న.

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. మంచి తిండి, పొగడ్త, గెలుపు ఇలా ఏదైనా మనకి పనికొచ్చేది దొరికితే అది విడుదలై, "దీన్ని గుర్తుపెట్టుకో, మళ్ళీ చెయ్యి" అని చెప్పి, పని అయ్యాక తిరిగి లోపలికి వెళ్ళిపోతుంది. కొకైన్ ఆ వెనక్కి వెళ్ళే దారిని మూసేస్తుంది. దాంతో డోపమైన్ బయటే నిలిచిపోతుంది. ఏమీ గెలవకుండానే పెద్దగా గెలిచినట్టు మెదడు రాసుకుంటుంది. ఆ రాసుకున్నది అంత తేలిగ్గా చెరిగిపోదు. ఫలానా పబ్బు, ఫలానా ఫ్రెండ్, జీతం పడిన మెసేజ్, ఏది కనబడినా ఆ పాఠం మళ్ళీ గుర్తొస్తుంది. ఇక మద్యంతో కలిపి తీసుకుంటే కాలేయంలో కోకాఎథిలిన్ అనే ఇంకో పదార్థం తయారవుతుంది. అది గుండెకి ఇంకా ప్రమాదం.

మద్యం మానడానికి డైసల్ఫిరాం, నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి. హెరాయిన్ అలవాటుకి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. కొకైన్‌కి అలా ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. చాలా వాటిని ప్రయత్నించి చూశారు, ఏదీ నిలబడలేదు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీకి కూడా ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. డిప్రెషన్‌కో నిద్రకో ఏదైనా ఇవ్వొచ్చు, అంతే. అంటే అన్నకున్న రెండు జబ్బులకీ అసలు వైద్యం మాటే. కూర్చుని మాట్లాడటం, నేర్చుకోవడం, ప్రాక్టీస్ చేయడం.

"మాటలకు తక్కువైతదా బిడ్డా?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. చదవడం మొదలుపెట్టాను.

లోపం ఎవరిది?

పర్సనాలిటీ డిజార్డర్‌కి తెలుగు వెతికితే "వ్యక్తిత్వ లోపం" అని, "వ్యక్తిత్వ రుగ్మత" అని దొరుకుతాయి. పెద్దమ్మ మొదటిది యూట్యూబ్‌లో ఎక్కడో వినేసింది. ఆ రాత్రి వంటింట్లో నన్ను పిలిచి, "లోపమంటే మా పెంపకంలోనా?" అని అడిగింది. రెండో మాటకి "రుగ్మత అంటే ఏంది?" అంది. ఒక మాట తిడుతోంది, ఇంకోటి అర్థం కావడం లేదు.

తెలుగులో ఇంకో సమస్య కూడా ఉంది. కోపం, మొండితనం, తెగించే గుణం, అన్నీ మనకి "బుద్ధి" కిందకే వస్తాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత ఉండనే ఉంది. మా బంధువుల్లో ఆ సామెత అనని వాళ్ళు లేరు. అంటే ఇంగ్లీష్‌లో డయాగ్నసిస్ అయినది తెలుగులోకి వచ్చేసరికి తీర్పు అయిపోతోంది.

అసలు బోర్డర్‌లైన్ అంటే ఏమిటి? ఎవరైనా వదిలేసి పోతారేమోనన్న భయం, ఒకే మనిషి పొద్దున దేవుడు సాయంత్రం శత్రువు అయిపోవడం, తనెవరో తనకే స్థిరంగా తెలియకపోవడం, తొందరపాటు పనులు, తనకి తాను హాని చేసుకోవడం, క్షణక్షణం మారే మూడ్, లోపల ఖాళీ, పట్టలేని కోపం, బాగా ఒత్తిడిలో అనుమానాలు. డాక్టర్లు వాడే డీఎస్ఎం పుస్తకంలో ఈ లక్షణాలు తొమ్మిది. కనీసం ఐదు ఉండాలి. కాంబినేషన్స్ లెక్క వేయండి, మీరూ సీఎస్ఈ అయితే నవ్వొస్తుంది: సరిగ్గా 256. ఒకే డయాగ్నసిస్ ఉన్న ఇద్దరిలో ఒక్క లక్షణమే ఉమ్మడిగా ఉండటం కూడా సాధ్యమే. కాబట్టి "బోర్డర్‌లైన్ వాళ్ళు ఇలా ఉంటారు" అనే రీల్స్‌ని ఎక్కువ నమ్మకండి.

ఇంకో చిక్కు ఉంది. కొకైన్ వాడేవాళ్ళెవరికైనా కోపం, అనుమానం, తొందరపాటు వస్తాయి. మరి అది మందు పనా, మనిషి తీరా? అందుకే డాక్టర్ మొదటి రోజే రెండో జబ్బు పేరు రాయలేదు. కొన్ని వారాలు ఆగారు. పెద్దమ్మని విడిగా కూర్చోబెట్టి, వాడు మత్తు ముట్టక ముందు, పన్నెండు పదమూడేళ్ళప్పుడు ఎలా ఉండేవాడో చెప్పమన్నారు.

పెద్దమ్మ చెప్పింది. "చిన్నప్పటి సంది గట్లనే సారూ. దోస్తు ఒక్కరోజు మాట్లాడకుంటే అన్నం ముట్టకపోయేది. నేను ఊరికి పోతనంటే బ్యాగు దాసిపెట్టేది. కోపమొస్తే గోడకు గుద్దుకునేది, మళ్ళ జెరసేపటికి ఒళ్ళో పడుకుని ఏడ్చేది." డాక్టర్ అన్నీ రాసుకున్నారు. ఆ పేజీలో నేను అనువదించాల్సింది ఏమీ లేదు. ఇన్నాళ్ళూ బంధువుల ముందు తప్పులాగా దాచుకున్న జ్ఞాపకాలు అక్కడ వైద్యానికి పనికొచ్చాయి. బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఆటోలో కాజీపేట దాటాక మాత్రం "అంటే వాడు కావాలని చెయ్యలే" అంది.

రెండూ ఒకేసారి

చాలాకాలం ఇలాంటి వాళ్ళని అటూ ఇటూ తిప్పేవాళ్ళట. డీ-అడిక్షన్ వాళ్ళు ముందు మనసు సంగతి చూసుకుని రమ్మనేవాళ్ళు. సైకాలజిస్టులు ముందు మత్తు మానేసి రమ్మనేవాళ్ళు. మనకి బాగా తెలిసిన సర్క్యులర్ డిపెండెన్సీ. దీన్ని తెంచే పద్ధతుల్లో ఒకటి డీబీటీ, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. అమెరికాలో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మార్షా లీనెహాన్ అనే సైకాలజిస్ట్ దీన్ని తయారుచేసింది. ఆమె పుస్తకం 1993లో వచ్చింది. టీనేజ్‌లో తనే మానసిక ఆస్పత్రిలో చాలాకాలం ఉన్నానని ఆమె 2011లో అందరి ముందూ చెప్పింది. బోర్డర్‌లైన్‌తో పాటు మత్తు అలవాటు కూడా ఉన్న మహిళల మీద ఆమె బృందం చేసిన పరిశోధన 1999లో వచ్చింది. డీబీటీ తీసుకున్నవాళ్ళలో మత్తు వాడకం ఎక్కువగా తగ్గింది.

డీబీటీ మూలం రెండు వాక్యాలు. "నువ్వు ఇలా ఉండటానికి కారణం ఉంది." "అయినా నువ్వు మారాలి." మన ఇళ్ళలో ఈ రెంటిలో ఒక్కటే చెబుతాం. అమ్మలు మొదటిది, నాన్నలు రెండోది. రెండూ ఒకే నోటితో, ఒకే రోజు చెప్పడమే ఆ పద్ధతి.

మత్తు విషయంలోనూ అంతే. మానడం అంటే పూర్తిగా మానడమే, "వీకెండ్‌లో కొంచెం" అనే మాటే లేదు. కానీ జారితే? ఒక్కసారి జారగానే "ఇక అంతా పోయింది, ఎలాగూ పాడైపోయా" అనుకుని పూర్తిగా మునిగిపోవడమే అసలు ప్రమాదం. కాబట్టి జారడాన్ని పాపంలా కాకుండా ఒక ప్రాబ్లమ్‌లా చూస్తారు. ఎక్కడ మొదలైంది, అంతకు ముందు ఏం జరిగింది, ఏ మెట్టు దగ్గర ఆపి ఉండొచ్చు అని వెనక్కి నడిచి చూస్తారు. ఒక కమిట్ చెడిపోయిందని రిపో మొత్తం డిలీట్ చేయం కదా.

ఇలాంటి పేషెంట్లు మధ్యలో మాయమవుతారని కూడా లీనెహాన్ బృందానికి తెలుసు. ఒకరోజు వచ్చి వాలి, ఇంకోరోజు ఎగిరిపోయే సీతాకోకచిలుకలతో పోల్చారు. రాని వాడిని వదిలేయకుండా వెతికి పిలవడం కూడా చికిత్సలో భాగమే. నీ మీద ఆశ వదులుకున్నాం అన్న మాట ఈ జబ్బు ఉన్నవాళ్ళకి అన్నిటికంటే పెద్ద ట్రిగ్గర్.

అన్నకి వరంగల్‌లో డీబీటీ చేసేవాళ్ళు దొరకలేదు. వారానికోసారి బెంగళూరు థెరపిస్ట్‌తో వీడియో కాల్, ఇక్కడి డాక్టర్ దగ్గర చెకప్, యూరిన్ టెస్టులు. రోజూ రాత్రి ఒక కార్డు నింపాలి: ఈరోజు క్రేవింగ్ సున్నా నుంచి ఐదులో ఎంత, కోపం ఎంత, దిగులు ఎంత. క్రేవింగ్ వచ్చినప్పుడు దానితో కొట్లాడకుండా, దానికి లొంగకుండా, అల లేచి పడేదాకా చూస్తూ ఉండటం నేర్పించారు. అల పెద్దదైతే చల్లటి నీళ్ళలో ముఖం పెట్టడం, వేగంగా నడవడం. అన్న ఎక్కువగా వడ్డేపల్లి చెరువు దాకా నడుస్తాడు.

బహుమతి ఇస్తే మానతారా?

కొకైన్ చికిత్సలో బాగా రుజువైన ఇంకో పద్ధతి వింటే వింతగా ఉంటుంది. పేరు కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. యూరిన్ టెస్ట్ క్లీన్‌గా వస్తే ఒక వోచర్ ఇస్తారు. మళ్ళీ క్లీన్ అయితే విలువ పెరుగుతుంది. మత్తు కనబడితే మళ్ళీ మొదటికి. వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ 1990ల మొదట్లో కొకైన్ పేషెంట్లతో ఇది చేసి చూపించాడు. కొకైన్ ఆనవాళ్ళు యూరిన్‌లో రెండు మూడు రోజులే ఉంటాయి కాబట్టి టెస్టులు వారానికి రెండు మూడు సార్లు పెడతారు.

నాకు బాగా నచ్చినది 2003లో వచ్చిన ఒక స్టడీ. కొకైన్ అలవాటుతో పాటు యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ కూడా ఉన్నవాళ్ళ మీద చేశారు. అంటే రూల్స్ లెక్కచేయరు, అబద్ధాలాడతారు, వీళ్ళకి ఏ వైద్యమూ పనిచేయదు అని అందరూ చేతులెత్తేసే మనుషులు. వాళ్ళు ఈ వోచర్ పద్ధతిలో మిగతావాళ్ళకంటే వెనకబడలేదు. బాగా మానగలిగారు. రూల్ స్పష్టంగా ఉండి, ఫలితం వెంటనే దొరికితే "మారని బుద్ధి" కూడా కదులుతుందన్నమాట.

పెద్దమ్మకి ఇది చెబితే "దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా?" అంది. న్యాయమైన డౌటే. అందుకే డబ్బు చేతికివ్వరు, వస్తువో వోచరో ఇస్తారు. మా ఇంట్లో డాక్టర్‌తో మాట్లాడి చిన్న వెర్షన్ పెట్టుకున్నాం. రెండు టెస్టులూ క్లీన్ అయిన వారం అన్న చెప్పిన వంట. నెలంతా క్లీన్ అయితే తనకి కావలసిన పుస్తకమో షూసో. యూపీఐ లిమిట్ మాత్రం పెదనాన్న చేతిలో. ఇది అన్నే అడిగి పెట్టించుకున్నాడు.

పోలీస్ భయం

ఆస్పత్రికి వెళ్ళడానికి ముందు మా ఇంట్లో నెల రోజులు వృథా చేసింది ఒక భయం: కేసు పెడతారేమో అని. నిజమే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం కొకైన్ వాడటం నేరం. ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. సెక్షన్ 27 కేసు ఎదుర్కొంటున్న అడిక్ట్, ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో స్వచ్ఛందంగా చేరి చికిత్స పూర్తి చేస్తే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో వదిలేస్తే రక్షణ పోవచ్చు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యం కిందే చేర్చింది. డాక్టర్‌కి చెప్పినది గోప్యంగా ఉంచాలన్న హక్కు కూడా అందులో ఉంది. 2017లో ఛానళ్ళు సినిమావాళ్ళ కార్లు చూపించిన అంతసేపట్లో ఈ నాలుగు లైన్లు స్క్రోల్ చేసినా ఎన్నో ఇళ్ళకి పనికొచ్చేది.

గుంజుడు, జారుడు, పల్చటి తోలు

అన్న కొకైన్ మాని పధ్నాలుగు నెలలు. మధ్యలో ఏడో నెలలో ఒకసారి జారాడు. పాత ఫ్రెండ్ పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు. తెల్లారి ఆరింటికి తనే థెరపిస్ట్‌కి మెసేజ్ పెట్టి, తర్వాత పెద్దమ్మకి ఫోన్ చేశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ సామెతలు చెప్పలేదు. కోపం ఇంకా వస్తుంది. తలుపులు ఇంకా ధడేల్‌మంటాయి. కానీ వెళ్ళిపోయినవాడు గంటలో తిరిగొచ్చి "ఇందాక నాలుగు, ఇప్పుడు రెండు" అని నంబర్ చెబుతాడు.

"మాటలకు తక్కువైతదా" అన్న ప్రశ్నకి జవాబు కూడా దొరికింది. అమెరికాలో మేరీ జనరిని బృందం బోర్డర్‌లైన్ ఉన్న 290 మందిని పదేళ్ళు గమనించింది. వాళ్ళలో 93 శాతం మందిలో లక్షణాలు తగ్గి కనీసం రెండేళ్ళ పాటు డయాగ్నసిస్ వర్తించని స్థితికి వచ్చారు. లక్షణాలు తగ్గడంతో పాటు ఉద్యోగం, స్నేహాలు కూడా నిలబెట్టుకున్నవాళ్ళు సగం మంది. అంటే అందరికీ అంతా బాగైపోలేదు. కానీ పుడకల దాకా ఆగాల్సిన పని కూడా లేదు.

ఈ ఏడాదిన్నరలో నేను నేర్చుకున్న తెలుగు మాత్రం పుస్తకాలది కాదు, పెద్దమ్మది. క్రేవింగ్‌కి నేను "తీవ్రమైన కోరిక" అన్నాను. ఆమె "గుంజుడు" అంది. "ఇయ్యాల గుంజుతాందా?" అని అడుగుతుంది. కోరిక అంటే తప్పు అన్నది వాడిదవుతుంది, గుంజుడు అంటే లాగేది ఇంకేదో ఉందని అర్థమవుతుంది. రిలాప్స్ ఆమెకి "జారుడు". జారినవాడు లేస్తాడు. ఇక బోర్డర్‌లైన్‌కి లీనెహాన్ చెప్పిన ఒక పోలిక ఆమెకి చెప్పాను: ఒళ్ళంతా కాలినవాళ్ళకి గాలి తగిలినా మంట ఎలాగో, వీళ్ళ మనసుకి చర్మం లేనట్టు చిన్న మాట కూడా అలా తగులుతుందని. పెద్దమ్మ ఇప్పుడు బంధువులకి చెప్పే మాట "మా వాడిది పల్చటి తోలు". ఏ డిక్షనరీలోనూ లేదు. వ్యక్తిత్వ లోపం కన్నా ఎంతో నిజం.

మన హాస్టళ్ళలో కొకైన్ లేకపోవచ్చు. ఇంకేదో ఉంటుంది. ఒక రూమ్మేట్ గంట గంటకీ మారిపోతుంటే, అందరితో తెగతెంపులు చేసుకుంటుంటే, "వాడి బుద్ధే అంత" అని గ్రూప్ నుంచి తీసేయడం చాలా ఈజీ. దాని బదులు పక్కన కూర్చుని ఒక నంబర్ డయల్ చేయొచ్చు. టెలి మానస్ 14416, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలు, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటుకి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనిషి ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా ఎంజీఎంకో దగ్గరున్న ఏ ఆస్పత్రికో వెంట తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి.

పర్సనాలిటీ డిజార్డర్‌కి తిట్టులా వినబడని, అమ్మలకి అర్థమయ్యే తెలుగు మాట మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఏదైనా ఉంటే క్లబ్ మెయిల్‌కి రాసి పంపండి. పెద్దమ్మకి చదివి వినిపిస్తా.